నీడలో వెదురు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

నీడపట్టున పెంచే మొక్కల గురించి ప్రశ్నలు పంపమని గత సంచికలో అడిగాం. చాలా ఉత్తరాలు వెదురు గురించే వచ్చాయి. అందుకే ఈసారి పేజీ మొత్తం దానికే కేటాయించాం. ఇక్కడ వెదురు అంటే ఒకేచోట పొదగా పెరిగే రకాలే. నేలలో పాకిపోయే రకాల మాట న్యూజెర్సీ నుంచి వచ్చిన ఉత్తరంలో వస్తుంది.

ప్రశ్న: మా ఇంటికి ఉత్తరం వైపు, గోడకూ ప్రహరీకీ మధ్య 5 అడుగుల జాగా ఉంది. పొడవు 20 అడుగులు. ఎండ పెద్దగా పడదు. పక్కింటి కిటికీలు కనపడకుండా వెదురు దడి వేద్దామనుకుంటున్నాం. నర్సరీలో పసుపు బొంగు మీద ఆకుపచ్చ చారలున్నది, కణుపుల మధ్య బొజ్జలా ఉబ్బే బుద్ధా బెల్లీ, సన్నాకు రకం చూపించారు. ఏది తీసుకోవాలి?
*— హైదరాబాద్ పాఠకురాలు*

జవాబు: రకం ఎంచుకునే ముందు ఆ జాగాలో వెలుతురు ఎంతో చూడండి. ఉదయం 9కి, మధ్యాహ్నం 12కి, 3 గంటలకు అక్కడ చెయ్యి చాపి నీడ చూడాలి. వేళ్ల అంచులు స్పష్టంగా కనిపిస్తే ఎండ ఉన్నట్టు. అంచులు చెదిరి మసకగా పడితే అది వెలుతురున్న నీడ, అక్కడ వెదురు బతుకుతుంది. నీడే పడకపోతే ఆ చోట వెదురు వద్దు.

ఉత్తరం వైపు జాగాకు మన ప్రాంతంలో ఒక అనుకూలత ఉంది. హైదరాబాద్‌లో మే రెండో వారం నుంచి జులై ఆఖరు దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు, ఉదయం సాయంత్రం ఇంకా ఉత్తరానికి జరుగుతాడు. చలికాలంలో ఒక్క కిరణం కూడా పడని గోడవారకు ఆ రోజుల్లో ఎండ తగులుతుంది. వెదురు కొత్త పిలకలకు బలం కూడగట్టుకునే కాలం కూడా అదే. కాబట్టి డిసెంబరులో చూసి ఆశ వదులుకోవద్దు. ప్రహరీ అవతల ఎత్తైన భవనం ఉంటే మాత్రం ఈ లెక్క పనిచేయదు.

మీ జాగాకు సన్నాకు రకమే సరైనది. దాని పేరు బాంబూసా మల్టిప్లెక్స్, హెడ్జ్ బాంబూ అని అమ్ముతారు. మన వేడికి తట్టుకునే పొద వెదుళ్లలో నీడను బాగా ఓర్చుకునేది ఇదే. రోజుకు రెండు మూడు గంటల ఎండ, మిగతా సమయం మంచి వెలుతురు ఉంటే చాలు. ఎండలో 20 అడుగులు దాటగలిగేది నీడలో 8 నుంచి 12 అడుగుల్లో ఆగుతుంది. మీకు కావలసింది కూడా అంతే కదా.

పసుపు చారల మొక్క విషయంలో జాగ్రత్త. అదే రంగులో రెండు రకాలున్నాయి. మొదటిది బాంబూసా వల్గారిస్‌లో చారల రకం. బొంగు మణికట్టంత లావెక్కి 30 అడుగులు దాటుతుంది, దానికి అన్ని వైపులా కనీసం 8 అడుగుల ఖాళీ కావాలి. రెండోది మల్టిప్లెక్స్‌లోనే అల్ఫాన్స్ కార్ అనే రకం, బొంగు బొటనవేలు లావుకు మించి పెద్దగా పెరగదు. కుండీలో లేతగా ఉన్నప్పుడు రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఆకు తిప్పి చూడండి. మల్టిప్లెక్స్ ఆకు చిన్నది, సన్ననిది, అడుగు భాగం వెండి ఛాయలో తెల్లగా ఉంటుంది. వల్గారిస్ ఆకు జానెడు పొడవుంటుంది, వెడల్పూ ఎక్కువే. అల్ఫాన్స్ కార్ మీకూ పనికొస్తుంది గానీ నీడలో ఆ పసుపు, లేత గులాబీ ఛాయలు వెలిసిపోతాయి.

నాటడం ఇలా: ప్రహరీకి 2 అడుగుల దూరంలో వరస గీసి, 3 నుంచి 3.5 అడుగుల ఎడంతో 6 మొక్కలు పెట్టండి. గొయ్యి 2 అడుగుల పొడవు, వెడల్పు, లోతు. తవ్వేటప్పుడు ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్లలు, సున్నం కనిపిస్తే మొత్తం తీసి పారేయాల్సిందే. ఇళ్ల చుట్టూ ఉండే ఇలాంటి జాగాల్లో కట్టుబడి చెత్తే ఎక్కువ పూడ్చి ఉంటుంది. సున్నం కలిసిన మట్టిలో వేరు ఇనుమును తీసుకోలేక ఆకు పాలిపోతుంది. ఎర్రమట్టి 2 పాళ్లు, బాగా చివికిన పశువుల ఎరువు 1 పాలు, గొయ్యికి పావు కిలో వేపపిండి కలిపి నింపండి. మొక్క కవరులో ఎంత లోతున ఉందో నేలలోనూ అంతే లోతు ఉండాలి. మృగశిర కార్తె వాన పడ్డాక నాటితే నీటి బెడద సగం తగ్గుతుంది.

గోడ కదులుతుందా అని చాలామంది అడుగుతున్నారు. ఈ రకం పొద ఏడాదికి అరడుగు లోపే వెడల్పవుతుంది, వేర్లు ఎక్కువగా పై 2 అడుగుల్లోనే ఉంటాయి. పునాది ఉన్న గోడకు భయం లేదు. పునాది లేకుండా లేపిన ఒంటి ఇటుక గోడకు ఆనించి మాత్రం వేయకండి. సెప్టిక్ ట్యాంకుకు 6 అడుగులు వదలండి.

ప్రశ్న: రెండేళ్ల వెదురు పొద. మూడు వైపులా గోడలే. రోజూ బకెట్ నీళ్లు పోస్తున్నాను, నెలకోసారి గుప్పెడు యూరియా వేస్తున్నాను. అయినా ఆకు పసుపు రంగుకు తిరుగుతోంది. ఇంకేం వేయాలి?
*— విజయవాడ పాఠకుడు*

జవాబు: ఇంకేమీ వేయొద్దు, ముందు నీళ్లు ఆపండి. నీడలో మొక్క తక్కువ వెలుతురుతో తక్కువ ఆహారం తయారు చేసుకుంటుంది. నీరు, ఎరువు కూడా తక్కువే వాడుకుంటుంది. ఎండలో పొదకు సరిపోయే మోతాదు నీడలో పొదకు ఎక్కువవుతుంది. మాకు వచ్చిన ఉత్తరాల్లో నీడ వల్ల చెడిందన్న వెదురు చాలావరకు నీటి వల్లే చెడింది.

పసుపు రంగు అన్నిసార్లూ ఒకే జబ్బు కాదు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య కింది ముదురాకులు పండి రాలి, వెనకే కొత్త చిగురు వస్తుంటే అది మామూలు ఆకురాలడం. ఆకు కొన మాత్రమే ఎండి గోధుమ రంగులో ఉంటే బోరు నీటి ఉప్పు పేరుకుందని అర్థం. లేతాకు పాలిపోయి ఈనెలు మాత్రం పచ్చగా నిలిస్తే ఇనుము లోపం. ముదురూ లేతా తేడా లేకుండా పొదంతా పాలిపోయి, ఆకు మడుచుకుని, వానాకాలంలో వచ్చిన పిలకలు మెత్తబడి కుళ్లితే వేరు ఊపిరాడక చస్తోంది. తడి మట్టిలో ఉన్నా ఆకు మడుచుకోవడం చూసి దాహమేమో అని ఇంకా నీళ్లు పోస్తారు. ఊడ్చుకుపోయేది అక్కడే.

పొదకు అడుగున్నర దూరంలో అరడుగు లోతు తవ్వి పిడికెడు మట్టి తీయండి. పిసికితే నీరు కారినా, మురుగు వాసన వచ్చినా మీది నీటి జబ్బే. పొద చుట్టూ 2 అడుగుల దూరంలో నాలుగైదు చోట్ల గడ్డపలుగుతో ఒకటిన్నర అడుగు లోతు పొడిచి, ఆ రంధ్రాల్లో ముతక ఇసుక నింపండి. వాననీరు నిలిచే పల్లమైతే బయటికి చిన్న కాలువ తీయండి. తర్వాత రెండంగుళాల లోతున మట్టి పొడిగా తగిలినప్పుడే నీళ్లు పెట్టాలి. నీడలో చలికాలం అది 10 రోజులకోసారి, వేసవిలో మూడు నాలుగు రోజులకోసారి అవుతుంది. పెట్టినప్పుడు మాత్రం పొదకు 20 లీటర్ల దాకా నిదానంగా ఇంకేలా పెట్టండి. ఉప్పు నీళ్లయితే మొదటి పెద్ద వానలు పాదులోకి ఇంకేలా వదిలితే చాలు, ఉప్పు కిందికి దిగిపోతుంది.

ఇనుము లోపం లక్షణం ఉంటే లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం ఆకులు తడిసేలా పిచికారి చేయండి. వారం ఎడంతో రెండు మూడుసార్లు చాలు.

యూరియా వచ్చే జూన్ దాకా మానేయండి. అప్పుడు కూడా మూడో ఏట పొదకు 10 కిలోల చివికిన ఎరువు, అర కిలో వేపపిండి, 50 గ్రాముల యూరియా, 50 గ్రాముల పొటాష్ చాలు. ఆగస్టులో మళ్లీ అంతే యూరియా, అంతటితో ఆపాలి. నెలనెలా గుప్పెడు వేస్తే బొంగు మెత్తగా సాగి వంగుతుంది, పిండినల్లికి విందు అవుతుంది.

ప్రశ్న: మామిడి చెట్టు కింద వెదురు నాటి ఏడాదైంది. చావలేదు, ఒక్క పిలకా పెట్టలేదు. ఆకుల మీద నల్లటి మసి.
*— నూజివీడు పాఠకుడు*

జవాబు: మామిడి కింద నీడ ఒక్కటే సమస్య కాదు. పై మట్టిలోని తేమనంతా మామిడి వేర్లే లాగేస్తాయి, చిన్న వాన ఆకుల మీదే ఆగిపోతుంది. పైగా పూత సమయంలో తేనెమంచు పురుగు వదిలే జిగురు కింది వెదురు ఆకుల మీద పడి, దాని మీద మసి పడుతుంది. అది వెదురుకు పట్టిన జబ్బు కాదు, మామిడిలో పురుగు తగ్గితే అదే పోతుంది.

పిలక రాకపోవడానికి ఇంకో కారణం కూడా వెతకండి. మొదలు దగ్గర మట్టి చేత్తో మెల్లగా తొలగించి చూడండి. వంకీ తిరిగిన దుంప, దాని మీద కోసుగా ఉన్న మొగ్గలు కనిపిస్తే మరో వానాకాలం ఆగవచ్చు. కణుపు నుంచి ఆకులు, సన్నని వేర్లు మాత్రమే ఉండి దుంప లేకపోతే అది కాండం ముక్కతో తయారైన లేత మొక్క. దుంప కట్టుకోవడానికే రెండు వానాకాలాలు తీసుకుంటుంది. మొగ్గలన్నీ నల్లబడి ఎండి ఉంటే ఎంతకాలం ఆగినా రాదు, మొక్క మార్చుకోండి.

మా సలహా, జూన్‌లో దాన్ని మామిడి కొమ్మల అంచుకు అవతలికి, తూర్పు వైపుకు మార్చండి. ఉదయపు ఎండ దొరుకుతుంది. అక్కడ కూడా గొయ్యి ఒకటిన్నర అడుగు మించకుండా, బొటనవేలి కన్నా లావు వేరు తెగకుండా తవ్వండి. కాయ కోసిన వెంటనే మామిడికి కింది గుబురు కొమ్మలు తీసేస్తే రెండింటికీ మేలు.

ప్రశ్న: పొద మధ్య చెయ్యి దూరనంత చిక్కగా ఉంది. కొత్త బొంగులు సన్నగా, పొడుగ్గా వెలుతురు వైపు వాలిపోతున్నాయి. పైన నరికితే లావెక్కుతాయా?
*— రాజమహేంద్రవరం పాఠకురాలు*

జవాబు: ఎక్కవు. వెదురు బొంగు నేలలోంచి ఎంత లావుతో వస్తే జీవితాంతం అంతే లావు. రెండు నుంచి నాలుగు నెలల్లో తన పూర్తి ఎత్తుకు చేరి ఆగిపోతుంది, ఆ తర్వాత గట్టిపడడమే. తల నరికిన బొంగు మళ్లీ పైకి పోదు, ఉన్న కణుపుల్లోంచి గుబురు కొమ్మలు వేస్తుంది. దడి ఎత్తు తగ్గించడానికి నరకవచ్చు గానీ, లావు కోసం కాదు. రాబోయే పిలకలు లావుగా రావాలంటే పాతవి తీసి లోపలికి వెలుతురు పంపాలి. నీడలో పెంచేవారికి ఎరువు కన్నా రంపమే ఎక్కువ ఉపయోగం.

ఏ బొంగు తీయాలో తెలియాలంటే వయసు గుర్తుపట్టాలి. ఈ ఏటి బొంగు మీద తెల్లని పొడి, కణుపుల దగ్గర ఎండిన పొరలు ఉంటాయి, కొమ్మలు తక్కువ. రెండో ఏట పొరలు రాలి, పొడి పోయి, కొమ్మలు నిండుగా వస్తాయి. మూడేళ్లు దాటినదాని రంగు మందగించి, పైన బూడిద రంగు మచ్చలు పడతాయి, వేలితో కొడితే గట్టిగా ఖణ్‌మంటుంది. తీయాల్సినవి ఇవీ, ఎండినవీ, పక్కకు పడిపోయినవీ.

సమయం నవంబరు నుంచి ఫిబ్రవరి. జూన్ నుంచి అక్టోబరు దాకా పొదలో కాలు పెట్టకండి, పిలక కొన తగిలినా విరిగిపోతుంది. ఒక్క ఏడాదిలో మూడో వంతుకు మించి తీయొద్దు. ఏడాది, రెండేళ్ల బొంగులే కొత్త పిలకలకు ఆహారం పంపేవి, వాటిని లావుగా ఉన్నాయని ఆశపడి కోశారంటే పొద నీరసిస్తుంది. కత్తితో ఎత్తు మీద నరికి మొండేలు వదిలే అలవాటు వల్లనే పొదలు చిక్కుపడతాయి. రంపంతో, నేలకు పైన మొదటి కణుపుకు సరిగ్గా మీద కోయండి. కణుపు పైన గుంట మిగిలితే నీరు నిలిచి దోమలు గుడ్లు పెడతాయి.

మీ పొదకు ముందు బయటి అంచున ఒక వైపు నుంచి దారి చేసుకుని, మధ్యలోని పాతవి ఆ దారిన బయటికి లాగండి. ఈ పని రెండు మూడు చలికాలాల్లో పూర్తవుతుంది, ఒక్కసారికే అవ్వాలని చూడొద్దు. తర్వాత మే చివర పొద మొదట్లో అరడుగు ఎత్తు మట్టి, ఎరువు కలిపి ఎగదోయండి. దుంపలు ఏటేటా పైకి తేలుతుంటాయి, మట్టి లేకపోతే మొగ్గలు ఎండిపోతాయి. కొత్త బొంగుకు కొమ్మలు విచ్చేదాకా నారతాడుతో పాత బొంగుకు వదులుగా కట్టండి. వచ్చిన పిలకల్లో కొన్ని అడుగు రెండడుగుల ఎత్తులో ఆగి చనిపోతాయి. పొద తాను పోషించలేనివి వదిలేస్తుంది, దానికి మందు కొట్టక్కర్లేదు.

ప్రశ్న: బాల్కనీలో పెట్టిన బుద్ధా బెల్లీ వెదురుకు బొజ్జ రావడం లేదు. లక్కీ బాంబూకూ ఇదే ఎరువు వేయవచ్చా?
*— విశాఖపట్నం పాఠకురాలు*

జవాబు: కణుపుల మధ్య ఉబ్బు రావాలంటే వేరుకు ఇరుకు, నీటికి కొరత, పైన మంచి ఎండ మూడూ కావాలి. నీడ బాల్కనీలో నీళ్లు నిండుగా అందితే అది మామూలు బొంగులాగే సాగుతుంది. రోజుకు 5 గంటల ఎండ వచ్చే చోటికి మార్చి, ఉన్న కుండీలోనే ఉంచి, మట్టి పైన బాగా ఆరాకే నీళ్లు పోయండి. ఉబ్బు కొత్తగా వచ్చే బొంగుల్లోనే కనిపిస్తుంది, పాతవి మారవు. లక్కీ బాంబూ అసలు వెదురు కాదు, డ్రసీనా జాతి మొక్క. ఈ ఎరువు దానికి వద్దు.

ప్రశ్న: వెదురు వేస్తే పాములు వస్తాయని ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోవడం లేదు.
*— ఖమ్మం పాఠకుడు*

జవాబు: వాళ్ల భయం ఊరికే పుట్టింది కాదు. పాము వెదురు కోసం రాదు గానీ, తడిసి పేరుకున్న ఆకుల్లో చేరే ఎలుకలు, కప్పల కోసం వస్తుంది. నీడలో ఆ ఆకు త్వరగా ఆరదు కూడా. కింది కొమ్మలన్నీ నేల నుంచి రెండున్నర అడుగుల ఎత్తు దాకా కత్తిరించి, మొదళ్ల మధ్యకు వెలుతురు పడేలా ఉంచండి. రాలిన ఆకు పొద మొదట్లో రెండంగుళాల మందాన ఉంటే మంచిది, వెదురుకు కావలసిన సిలికా దానిలోంచే తిరిగి నేలకు చేరుతుంది. చుట్టూ ఒకటిన్నర అడుగు మాత్రం ఊడ్చి శుభ్రంగా ఉంచాలి. ఇటుకలు, కట్టెలు పొద పక్కన పేర్చకండి. ఇంటి గుమ్మానికి, పిల్లలు ఆడే చోటుకు దూరంగా వేయండి. అడవుల్లోని ముళ్ల వెదురును ఇంటి దొడ్డికి తేవొద్దు, దాని కింది ముళ్ల కంపను శుభ్రం చేయడం ఎవరి వల్లా కాదు.

ప్రశ్న: కణుపుల దగ్గర పొరల కింద తెల్లటి దూది, చీమల బారు. వేపనూనె కొట్టినా పోలేదు.
*— తిరుపతి పాఠకురాలు*

జవాబు: పిండినల్లి. ఎండిన పొర కింద దాక్కుంటుంది కనుక పైన కొట్టిన మందు దానికి తగలదు. ముందు ఆ పొరలు ఒలిచేయండి, తర్వాత పైపుతో నీటిని గట్టిగా కొట్టి దూది కడిగేయండి. ఆ మర్నాడు సాయంత్రం లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, 1 మి.లీ. సబ్బు ద్రావణం బాగా కలిపి కణుపులు తడిసేలా పిచికారి చేయాలి. వారానికోసారి మూడు వారాలు. చీమల పుట్ట ఎక్కడుందో చూసి దాన్ని కూడా వదిలించండి, నల్లిని ఒక బొంగు నుంచి మరో బొంగుకు మోసేది చీమలే. బాగా పట్టిన బొంగును కోసి కాల్చేయడమే మేలు.

ప్రశ్న: మా పెరట్లో ఓక్ చెట్ల నీడ ఎక్కువ. పక్కింటి వెదురు కంచె కిందుగా మా వైపు పాకి వస్తోంది. అలా పాకని వెదురు ఈ చలికి ఏదైనా ఉందా? హైదరాబాద్ నుంచి మొక్క తేవచ్చా?
*— న్యూజెర్సీ పాఠకుడు*

జవాబు: ఇక్కడి బాంబూసా రకాలు మీ చలికాలానికి బతకవు, మొక్కలు దేశం దాటించడానికి నిబంధనలూ ఉన్నాయి. మీకు కావలసింది ఫార్జీసియా. చైనా కొండ అడవుల్లో పెద్ద చెట్ల కింద పొదగా పెరిగే జాతి, మధ్యాహ్నపు నీడే దానికి ఇష్టం. మీ వేసవి ఉక్కను నిటిడా రకం అంతగా ఓర్చుకోదు, రూఫా గానీ రోబస్టా గానీ తీసుకోండి. రూఫా 6 నుంచి 8 అడుగులు, రోబస్టా అంతకన్నా ఎత్తు. అన్నట్టు, ఫార్జీసియాను హైదరాబాద్‌కు పంపాలని చూడకండి, మన ఎండలకు నిలవదు.

వసంతంలో గానీ సెప్టెంబరులో గానీ నాటండి. వేరుముద్దకు రెట్టింపు వెడల్పు గొయ్యి, లోతు మాత్రం ముద్దంతే. పైన మూడంగుళాల ఆకు లేదా చెక్కపొట్టు. ఓక్ వేర్లు తేమను లాగేస్తాయి కాబట్టి మొదటి రెండు వేసవులు వారానికి రెండుసార్లు నీరు తప్పదు. గడ్డకట్టే చలిలో, మండే ఎండలో ఆకు చుట్టుకోవడం దాని రక్షణ, శరదృతువులో లోపలి ఆకులు పండి రాలడం మామూలే.

పక్కింటిది బహుశా ఫిల్లోస్టాకిస్. కొమ్మ పుట్టే చోటుకు పైన బొంగు మీద పల్లంగా గాడి, కణుపుకు రెండేసి కొమ్మలు ఉంటే అదే. పాకే గుణం దానిది. న్యూయార్క్ రాష్ట్రం ఆ జాతిలో గోల్డెన్ బాంబూ, యెల్లో గ్రూవ్ రకాల అమ్మకాన్నే నిషేధించింది. మీ ఊరి నిబంధనలు టౌన్‌షిప్‌లో అడగండి. అడ్డుకోవడానికి సరిహద్దు వెంట రెండున్నర అడుగుల లోతున మందమైన ప్లాస్టిక్ పలక దించి, రెండంగుళాలు నేల పైకి వదలాలి.

ప్రశ్న: ఉన్న పొద నుంచే కొత్త మొక్కలు చేసుకోవడం ఎలా? ముక్కలు నాటితే చిగురు వచ్చి చచ్చిపోతున్నాయి.
*— కరీంనగర్ పాఠకుడు*

జవాబు: చిగురు ముందు వస్తుంది, వేరు ఆ తర్వాత ఎప్పటికో. ముక్కలో నిలవున్న ఆహారంతోనే రెండు మూడు వారాల్లో ఆకులు వేస్తుంది. అది చూసి వేరు పట్టిందని కదిలించినా, ఎండలో పెట్టినా ఎండిపోతుంది. 60 రోజులు కదపకండి.

రెండేళ్ల బొంగు నుంచి మార్చిలో, బతికున్న మొగ్గలున్న రెండు కణుపుల ముక్కలు కోయండి. కొమ్మలను అంగుళం మొదళ్లు ఉంచి కత్తిరించండి. రెండు కణుపుల నడుమ చిన్న రంధ్రం చేసి 100 మి.లీ. దాకా నీళ్లు పోసి, రంధ్రం పైకి ఉండేలా అడ్డంగా పడుకోబెట్టి, రంధ్రానికి పాలిథిన్ ముక్క చుట్టండి. ఇసుక, మట్టి సమంగా కలిపిన మడిలో రెండున్నర అంగుళాల లోతు, పైన షేడ్‌నెట్, రోజూ పలచగా తడి. పసుపు చారల వల్గారిస్‌కు ఈ పద్ధతి బాగా కుదురుతుంది.

సన్నాకు మల్టిప్లెక్స్‌కు విడదీయడమే నమ్మకం. జూన్ మొదటి వానలకు, పొద బయటి అంచున ఏడాది రెండేళ్ల బొంగులు మూడు నాలుగు ఉన్న గుంపును ఎంచుకోండి. లోపలి దుంపతో కలిసే మెడ దగ్గర గునపంతో ఒక్క దెబ్బకు విడగొట్టి, వేళ్ల మట్టి రాలకుండా తీసి, బొంగులను 3 అడుగులకు కోసి, ఆ రోజే నాటాలి. మట్టి తడి గోనెలో చుట్టి ఉంచితే ఒక రోజు ఆగుతుంది, రెండో రోజుకు మొగ్గ ఎండడం మొదలవుతుంది.